పాత రాతి గోడకి పొట్ట వచ్చింది, హామర్ టెస్టులో మాత్రం "పటిష్ఠం" అని వచ్చింది. ఏది నమ్మాలి?

కొత్త_సైటింజినీరు:

అందరికీ నమస్తే. కొంచెం పొడుగు పోస్టు, ఏమనుకోవద్దు.

ఒక పాత రాతి భవనం మరమ్మతు పనిలో ఉన్నాను. రెండు వందల ఏళ్లు దాటిన కట్టడం, రెండంతస్తులు, గోడ మందం 80 సెంటీమీటర్లు. బయటి మొహం ఓ మాదిరిగా చెక్కిన రాళ్లు, వరుసలు దాదాపు మట్టంగానే ఉన్నాయి. లోపలి మొహానికి సున్నపు పూత. మధ్యలో ఎప్పుడో బయట రాళ్ల సందులన్నిటికీ సిమెంట్ పాయింటింగ్ చేసేశారు.

సమస్య ఏంటంటే, కింది అంతస్తులో రెండు కిటికీల మధ్య గోడకి పొట్ట వచ్చింది. పైనుంచి దారానికి గుండు కట్టి వదిలి కొలిస్తే మధ్యలో 5.5 సెంటీమీటర్లు బయటికి ఉంది. అక్కడ తడితే డబ్‌డబ్‌మని బోలు శబ్దం. మూల దగ్గర రెండు గోడలు కలిసే చోట నిలువు పగులు, పైన వేలు దూరుతుంది, కిందికి వచ్చేసరికి వెంట్రుకంత.

టెస్టింగ్ వాళ్లు వచ్చి రీబౌండ్ హామర్‌తో (కొట్టాక ఎంత వెనక్కి ఎగిరిందో చూసి గట్టిదనం చెప్పే సుత్తి) 40 చోట్ల కొట్టి, రాయి బలం 60 మెగాపాస్కల్స్, కాబట్టి గోడ పటిష్ఠం అని రాసిచ్చారు. మళ్లీ అదే రిపోర్టు చివరి పేజీలో 4 బార్ ప్రెషర్‌తో సిమెంట్ గ్రౌటింగ్ (పల్చటి సిమెంట్ ముద్దని గోడ లోపలికి ఎక్కించడం) చేసి, రెండు వైపులా ఇనుప మెష్ కట్టి కాంక్రీట్ జాకెట్ వెయ్యాలన్నారు. అంత పటిష్ఠమైతే ఇదంతా దేనికండీ అని అడిగితే "సేఫ్టీ కోసం" అన్నారు. నేను చదువుకున్నదంతా కాంక్రీటే, రాతి కట్టుబడి గురించి క్లాసులో ఒక గంట కూడా చెప్పలేదు. సంతకం మాత్రం నేనే పెట్టాలి, అదీ టెన్షన్. అసలు ఏ టెస్టులు చేయించాలి, తర్వాత ఏం చెయ్యాలి?

గోడల_డాక్టర్:

ముందు ఆ 60 అనే అంకెని మర్చిపోండి. రీబౌండ్ హామర్ మీరు కొట్టిన రాయి పైపొర ఎంత గట్టిదో చెబుతుంది, అంతకు మించి దానికేమీ తెలీదు. మీ గోడ అడుగున పడే బరువు చదరపు మిల్లీమీటరుకి 0.2 న్యూటన్లో, మహా అయితే 0.3 న్యూటన్లో ఉంటుంది (చదరపు మిల్లీమీటరుకి ఒక న్యూటన్ అంటే ఒక మెగాపాస్కలే). అంటే రాయి బలంలో రెండొందల వంతు. రాయి నలిగి పాత గోడ కూలడం నేనైతే చూడలేదు. రాళ్లు ఒకదాన్నొకటి వదిలేసి కూలిన గోడలు మాత్రం బోలెడు చూశాను.

ఇంత మందం ఉన్న పాత గోడ సాధారణంగా ఒకటే గోడ కాదు. బయట ఒక రాతి పొర, లోపల ఒక రాతి పొర, మధ్యలో చెక్కగా మిగిలిన రాతి ముక్కలూ సున్నమూ మట్టీ పోసి నింపిన పూరింపు. కట్టిన మేస్త్రి మంచివాడైతే అక్కడక్కడ ఈ మొహం నుంచి ఆ మొహం దాకా పొడవాటి రాయి అడ్డంగా వేస్తాడు, దాన్నే త్రూ స్టోన్ అంటాం. తొందరలో ఉన్నవాడైతే అదీ ఉండదు. పైనుంచి నీళ్లు దిగాయంటే మధ్యలో సున్నం కొట్టుకుపోతుంది, ముక్కలు కిందికి జారి మేకు దిగేసినట్టు రెండు పొరల్నీ బయటికి తోస్తాయి. మీ పొట్ట అదే అయ్యుండాలి. వంగకుండా నిలబడే గుణం మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది కదా, లెక్కేసి చూడండి: కలిసి ఉన్న 80 సెంటీమీటర్ల గోడకీ, విడిపోయిన రెండు 25 సెంటీమీటర్ల పొరలకీ తేడా 16 రెట్లు. బయటినుంచి చూసేవాడికి రెండూ ఒకేలా కనిపిస్తాయి.

ఇటలీలో పావియా సివిక్ టవర్ సంగతి తెలుసుకోండి. 11వ శతాబ్దంలో మొదలుపెట్టిన కట్టడం, 1989 మార్చి 17న పొద్దున్నే ఉన్నపళంగా కూలి నలుగురు చనిపోయారు. భూకంపం లేదు, తుఫాను లేదు. దానిది కూడా ఇదే వాటం, బయట ఇటుక పొరలు, మధ్యలో గులకరాళ్లూ ఇటుక ముక్కలూ సున్నంతో కలిపి నింపిన పూరింపు. వందల ఏళ్లు ఒకే బరువు మోస్తూ మోస్తూ లోపల సన్నసన్న పగుళ్లు పెరుగుతూ వచ్చి చివరికి తట్టుకోలేకపోయింది. ఆ రోజున ఎవరైనా హామర్‌తో కొట్టి ఉంటే అంకె బాగానే వచ్చేది.

మీరు చెయ్యాల్సిన మొదటి పని చౌకైనదే. సందుల్లోంచి (రాళ్లలోంచి కాదు) 15, 20 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి ఎండోస్కోప్ కెమెరా దూర్చండి. పొట్ట మీద కొన్ని, బాగున్న చోట కొన్ని, మొత్తం ఓ డజను. డ్రిల్ చేసేవాడి పక్కనే నిలబడి ఎన్ని సెంటీమీటర్ల దగ్గర బిట్ ఒక్కసారిగా లోపలికి జారిందో రాసుకోండి. వచ్చే పొడి రంగు చూడండి, తడిగా ఉందా పొడిగా ఉందా చూడండి. సగం విషయం ఆ పొడిలోనే తెలిసిపోతుంది.

తర్వాత సోనిక్ టెస్ట్. ఒక వైపు చిన్న సుత్తితో కొట్టి, రెండో వైపు సెన్సర్ పెట్టి, శబ్దం దాటడానికి పట్టిన టైము కొలుస్తారు. కాంక్రీటుకి వాడే అల్ట్రాసోనిక్ మిషన్ తెస్తామంటారు, వద్దనండి. అంత ఎక్కువ ఫ్రీక్వెన్సీ ఈ ముక్కల పూరింపులో దారిలోనే చచ్చిపోతుంది. వేగం సెకనుకి 1000 మీటర్ల కంటే తక్కువ వస్తే లోపల ఖాళీలున్నట్టే లెక్క, 1500 నుంచి 2000 వస్తే పర్వాలేదు. ఆ వేగం నుంచి బలం లెక్కకట్టే ఫార్ములా ఎవరైనా ఇస్తే మాత్రం నమ్మకండి. ఒక చోటికీ ఇంకో చోటికీ, మరమ్మతుకి ముందూ తర్వాతా పోల్చుకోడానికే అది పనికొస్తుంది.

మీ బయటి వరుసలు మట్టంగా ఉన్నాయన్నారు కాబట్టి ఫ్లాట్ జాక్ కూడా కుదురుతుంది. అడ్డ సందుకి పైనా కిందా చిన్న లోహపు బిళ్లలు అంటించి వాటి మధ్య దూరం మిల్లీమీటరులో వెయ్యో వంతు దాకా కొలుస్తారు. తర్వాత ఆ సందుని రంపంతో కోస్తారు. పైన బరువుంది కాబట్టి కోసిన గాటు కొంచెం మూసుకుంటుంది, బిళ్లలు దగ్గరవుతాయి. ఆ గాటులోకి పల్చటి స్టీల్ సంచీ లాంటి జాక్ దూర్చి నూనెతో ఉబ్బిస్తారు, బిళ్లలు మొదటున్న దూరానికి వచ్చేదాకా. అప్పటి ప్రెషర్‌ని జాక్ కాలిబ్రేషన్ గుణకాలతో గుణిస్తే అక్కడ గోడ ఎంత బరువు మోస్తోందో వస్తుంది. రెండు గాట్లు కోసి రెండు జాకులు పెడితే మధ్య భాగాన్ని నొక్కి అది ఎంత కుంగుతుందో కూడా చూడొచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి, ఈ టెస్ట్ బయటి పొరనే చూస్తుంది, మధ్య పూరింపు గురించి నేరుగా ఏమీ చెప్పదు. అలాగే పొట్ట మీద మాత్రం గాటు పెట్టనివ్వకండి, పక్కన బాగున్న చోట పెట్టించండి.

రాడార్ (రేడియో తరంగాలు పంపి గోడ లోపల చూసే టెస్ట్) చేయిస్తే చేయించండి, గోడ తడిగా ఉంటే డబ్బు దండగ. తడి, ఉప్పు ఉన్నచోట సిగ్నల్ లోపలికే పోదు.

సున్నం_మేస్త్రి:

డాక్టర్ గారు గోడ సంగతి చెప్పారు, నేను మసాలా సంగతి, అంటే రాళ్లని అతికే ముద్ద సంగతి చెబుతా.

ఆ సిమెంట్ పాయింటింగ్ మీద ఒకసారి చెయ్యి పెట్టి చూడు తమ్ముడూ. రాయి అరిగి లోపలికి పోయి సిమెంట్ గీతలు ఎముకల్లా పైకి పొడుచుకొచ్చి ఉంటాయి. గోడలో తడి సందుల్లోంచి బయటికి పోవాలి, అక్కడ సిమెంట్ మూతేస్తే రాయిలోంచి పోతుంది, పోతూ పోతూ ఉప్పుని రాయి పైపొరలో వదుల్తుంది, ఆ ఉప్పు గట్టిపడ్డప్పుడల్లా రాయి పొరలు పొరలుగా రాలుతుంది. అరగాల్సింది సందులో సున్నం. అది అరిగితే మళ్లీ పూస్తాం. రాయి అరిగితే ఏం చేస్తాం?

పాత సున్నం ముక్క ఒకటి లోపలి నుంచి తీసి, వేలితో నలిపి చూడు. పొడైపోతే ఒక కథ, గోరుకి లొంగకపోతే ఇంకో కథ. ల్యాబుకి పంపిస్తే యాసిడ్‌లో కరిగించి సున్నమెంత, ఇసుకెంత అని చెప్తారు. ఇక్కడో మెలిక ఉంది. పాతకాలంలో ఇసుకలో గవ్వల పొడో సున్నపురాయి నూకో కలిసి ఉంటే యాసిడ్‌లో అవి కూడా కరిగిపోతాయి. అప్పుడు రిపోర్టులో సున్నం పాళ్లు అబద్ధంగా ఎక్కువ కనిపిస్తాయి. కాబట్టి ముందు భూతద్దం కింద పెట్టి ఇసుక ఏ రకమో చూడమను. ఇంకోటి, పాత మసాలాలో జిప్సం ఉందేమో తప్పకుండా అడుగు. జిప్సం ఉన్న గోడలోకి సిమెంట్ గ్రౌట్ కొడితే రెండూ తడిలో కలిసి కొత్త స్ఫటికాలు కట్టి ఉబ్బుతాయి. గోడని గట్టి చేద్దామని వెళ్లి నువ్వే లోపలినుంచి బద్దలుకొట్టినట్టవుతుంది.

సరుకు విషయంలో, బస్తా మీద ఎన్‌హెచ్‌ఎల్ 2, 3.5, 5 అని ఉంటాయి, నీళ్లల్లో కూడా గట్టిపడే సహజ సున్నం అది. ఆ అంకె 28 రోజులకి రావాల్సిన కనీస బలం మాత్రమే. ఎన్‌హెచ్‌ఎల్ 5 అంటే 5 నుంచి 15 మెగాపాస్కల్స్ దాకా ఎక్కడైనా ఉండొచ్చు, 3.5 అంటే 3.5 నుంచి 10 దాకా. పేరులో 5 చూసి మెత్తగానే ఉంటుందిలే అనుకుంటే, వచ్చిన బస్తా సిమెంట్‌కి చుట్టమై కూర్చోవచ్చు. మా గానుగ సున్నం అలవాటున్నవాళ్లకి ఈ బస్తా సున్నం త్వరగా బిగుస్తుంది, కలిపింది కలిపినట్టు వాడెయ్యాలి. పూశాక తడి గోనె కప్పి ఉంచాలి, ఎండ తగిలి ఒక్కరోజులో ఆరితే అది గట్టిపడ్డట్టు కాదు, ఎండినట్టు.

కాంక్రీట్_ప్రియుడు:

అందరూ సున్నం సున్నం అంటున్నారు, బాగానే ఉంది కానీ భూకంపం వస్తే? 1993 సెప్టెంబర్ 30 మహారాష్ట్ర కిల్లారి భూకంపం గుర్తుందా? మందపాటి రాతి గోడలే కదా తెల్లారేలోపు జనం మీద కూలింది. మెష్ కట్టి 5 సెంటీమీటర్ల జాకెట్ వేస్తే గోడ ఒక్క ముక్కలా ఉంటుంది, పైన కాంక్రీట్ బెల్టు కట్టి స్లాబ్ వేస్తే ఇంకా మంచిది. నేను చాలా ఇళ్లకి చేశాను, ఒక్క కంప్లయింట్ రాలేదు. అందం కోసం మనుషుల ప్రాణాలు పణంగా పెట్టకూడదు.

గోడల_డాక్టర్:

కిల్లారి ఉదాహరణ తెచ్చినందుకు థాంక్స్, ఎందుకంటే అది నా మాటకే సాక్ష్యం. అక్కడి గోడలు మట్టి మసాలాతో కట్టినవి, రెండు పొరలకీ లంకె లేదు, పైన మట్టి కప్పుల బరువు. ఊపు రాగానే ముందు పొరలు విడిపోయాయి. అక్కడ నేర్చుకున్న పాఠాల్లో ముఖ్యమైనది జాకెట్ కాదు, త్రూ స్టోన్. మన ఐఎస్ 13828లో (భూకంపాల్ని తట్టుకునేలా ఇలాంటి గోడలు ఎలా కట్టాలో చెప్పే భారత ప్రమాణం) కూడా ఎత్తులో ప్రతి 60 సెంటీమీటర్లకీ, పొడవులో 1.2 మీటర్లకి మించకుండా త్రూ స్టోన్ ఉండాలని ఉంది. కట్టేసిన గోడలకైతే ఒక రాయి జాగ్రత్తగా ఊడబీకి, ఈ వైపు నుంచి ఆ వైపుకి, రెండు చివర్లా వెడల్పుగా మధ్యలో సన్నంగా ఉండేలా కన్నం చేసి, కొక్కెం వంచిన కమ్మీ పెట్టి కాంక్రీటు నింపేవాళ్లు. మామూలు ఇళ్లకి అది చవకా, పనికొచ్చేదీ.

జాకెట్ అన్నిచోట్లా చెత్త అని నేననను. కానీ 1997లో ఇటలీలో ఉంబ్రియా-మార్కే భూకంపం తర్వాత, అంతకుముందు "బలపరిచిన" రాతి ఇళ్లని జనం పరిశీలించారు. చాలాచోట్ల జాకెట్ ఒకవైపు, గోడ ఒకవైపు. రెండు జాకెట్లనీ గోడకి అడ్డంగా కలిపే కమ్మీలు లేవు, ఉన్నచోట మెష్ తుప్పు పట్టింది. చెక్క కప్పు తీసేసి బరువైన కాంక్రీట్ కప్పూ బెల్టూ పెట్టిన ఇళ్లల్లో కింద బలహీనమైన గోడ చిదికిపోయి పైన బెల్టు మాత్రం చెక్కుచెదరకుండా గాల్లో వేలాడుతున్న ఫొటోలు ఉన్నాయి. మెత్తటి గోడ మీద గట్టి పెట్టె పెడితే ఊపులో ఆ పెట్టే గోడని కొడుతుంది.

ఇందులో మీ ఒక్కరి తప్పేం లేదు లెండి. పురాతన కట్టడాల మరమ్మతుకి సూత్రాలు రాసుకున్న 1931 ఏథెన్స్ చార్టర్‌లో పెద్దపెద్ద నిపుణులే పురాతన కట్టడాలకి రీఇన్‌ఫోర్స్‌డ్ కాంక్రీట్ వాడొచ్చు అని ఒప్పుకున్నారు. 1964 వెనిస్ చార్టర్ వచ్చేసరికి మాట మారింది, సంప్రదాయ పద్ధతులు చాలవని తేలితేనే కొత్తవి, అవీ పనిచేస్తాయని రుజువున్నవే అన్నారు. ఏథెన్స్‌లో ప్రాచీన గుడులున్న అక్రోపోలిస్ కొండ మీద, రాళ్లని కలిపి పట్టే ఇనుప క్లాంపుల గొడవ కూడా ఒకటుంది. ప్రాచీనులు ఇనుము చుట్టూ సీసం పోసేవారు, 20వ శతాబ్దం మొదట్లో బాగుచేసినవాళ్లు ఆ సీసం లేకుండా ఇనుము పెట్టారు, అది తుప్పు పట్టి ఉబ్బి పాలరాతిని చీల్చింది. తర్వాత వచ్చినవాళ్లు అవన్నీ పీకి టైటానియం పెడుతూ కూర్చున్నారు.

కాంక్రీట్_ప్రియుడు:

సరే, అడ్డ కమ్మీలు లేకుండా జాకెట్ దండగ అన్నది ఒప్పుకుంటా. నేను మీటరుకి రెండు పెడతాను, అది రాయడం మర్చిపోయా. పురాతన కట్టడం విషయంలో మీ ఇష్టం.

కొత్త_సైటింజినీరు:

ఆరు వారాల తర్వాత వస్తున్నా, చేయించినవి చెబుతా.

12 రంధ్రాలు వేశాం. బయటి పొర 24 నుంచి 28 సెంటీమీటర్లు. పొట్ట పై అంచు దగ్గర బిట్ 26 దగ్గర గభాలున లోపలికి జారింది, కెమెరా పెడితే పొర వెనక 4 సెంటీమీటర్ల ఖాళీ, టార్చి వెలుగులో దుమ్ము ఎగరడం కూడా కనిపించింది. పొట్ట కింది భాగంలో మాత్రం ముక్కలు గట్టిగా కూరుకుపోయి ఉన్నాయి. అన్నిటికంటే కింద ఉన్న రెండు రంధ్రాల్లో తడి మట్టి వచ్చింది, వేళ్ల మధ్య ముద్దయ్యేంత తడి. వానలు తగ్గి చాలా రోజులైంది, మరి ఆ తడేంటో.

సోనిక్‌లో బాగున్న చోట 0.45 మిల్లీసెకన్లు, పొట్ట దగ్గర 1.2. అంటే 1780 మీటర్లు, 670 మీటర్లు. ఫ్లాట్ జాక్‌లో బయటి పొరలో 0.34 మెగాపాస్కల్స్ వచ్చింది. నేను చేత్తో లెక్కేస్తే గోడ మొత్తం మందానికి సగటు 0.2 వస్తోంది. టెస్ట్ తప్పా, నా లెక్క తప్పా?

పాత మసాలాలో జిప్సం లేదు. త్రూ స్టోన్లు ఒక్కటీ కనబడలేదు. మూల పగులుకి దాని వెడల్పు కొలిచే మీటరు బిగించాం, ఆరు వారాల్లో 0.3 మిల్లీమీటర్లు పెరిగింది, భయమేస్తోంది.

గోడల_డాక్టర్:

రెండూ తప్పు కాదు. 80 సెంటీమీటర్ల మీద 0.2 ఉన్న బరువుని రెండు పాతిక సెంటీమీటర్ల పొరలే మోస్తున్నాయనుకోండి, 0.2ని 80తో గుణించి 50తో భాగించండి: 0.32. మీకు 0.34 వచ్చింది. మధ్య పూరింపు ఏమీ మోయట్లేదు, పొరలు విడివిడిగా పనిచేస్తున్నాయి. ఇంత చక్కగా కుదరడం అరుదు, ఆ కాగితం దాచుకోండి. పై అంచున ఖాళీ, కింద ముక్కల కూరు అన్నారు కదా, పూరింపు జారిందనడానికి అంతకన్నా ఏం కావాలి. అందుకే పొట్టని జాకులతో లోపలికి నెట్టాలని మాత్రం చూడకండి, వెనక అది వెళ్లే చోటు లేదు, ముందు పొర విరుగుతుంది.

పగులు 0.3 గురించి ఇప్పుడే కంగారు పడకండి. ప్రతిసారీ గోడ ఉష్ణోగ్రత కూడా రాయండి, ఒకే టైముకి కొలవండి. రాతి గోడ ఎండాకాలం చలికాలం ఊపిరి పీల్చినట్టు కదులుతుంది, ఒక ఏడాది పూర్తయితేగానీ ఇది కదలికో పెరుగుదలో తేలదు. ఏడాది తర్వాత మొదటి అంకెకి తిరిగి రాకపోతే అప్పుడు ఆలోచించాలి. మూలని ఈలోగా కుట్టెయ్యాలని ఎవరైనా తొందరపెడితే ఆగమనండి.

ఇప్పుడు పని. ముందు పొట్టకి ఆసరా కట్టండి, చెక్క పలకలు వేసి ఏటవాలు సపోర్టులు, గోడని నెట్టకుండా ఆనీ ఆననట్టు. తర్వాత ఆ తడి ఎక్కడిదో కనుక్కోండి, అది తేలకుండా సున్నపు గ్రౌటింగ్ మొదలుపెట్టొద్దు. మూడోది, సిమెంట్ సందులు చేత్తో, ఉలితో తీయించండి. గ్రైండర్ ఇస్తే రాయి అంచులు పోతాయి. సందు వెడల్పుకి రెట్టింపు లోతు దాకా తీసి, తడిపి, సున్నంతో గట్టిగా కూరాలి. ఇది బలం కోసమే కాదు, సందులు మూయకపోతే రేపు గ్రౌట్ అంతా మొహం మీదికి కారుతుంది.

గ్రౌటింగ్‌కి ముందే రెండు పొరల్నీ అడ్డంగా కలిపే కడ్డీలు వెయ్యాలి. స్టెయిన్‌లెస్ మాత్రమే. కాంక్రీట్‌లో ఇనుముని కాపాడేది దాని క్షారగుణం, సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పీల్చుకున్నాక ఆ గుణం పోతుంది, మామూలు కమ్మీ తుప్పు పడుతుంది. ముందెందుకంటే, ఒక లెక్క చూడండి. 1 బార్ అంటే చిన్న అంకెలా ఉంటుంది, గోడ వెనక చదరపు మీటరు మీద అది 10 టన్నుల తోపు. మీ రిపోర్టులో 4 బార్ అని రాశారు, అంటే 40 టన్నులు, లంకె లేని పాతిక సెంటీమీటర్ల పొర మీద! పంపు ఆపేసినా, తడి గ్రౌట్ మీటరు ఎత్తు నిలబడితే దాని సొంత బరువుకే అడుగున చదరపు మీటరుకి 1.7 టన్నులు తోస్తుంది. కాబట్టి పొట్ట దగ్గర పంపు వద్దు, ఓ మీటరు ఎత్తున బకెట్ పెట్టి గొట్టంతో దానంతట అది దిగేలా పోయండి. రోజుకి 50 సెంటీమీటర్ల ఎత్తు దాటకండి. మిగతా చోట్ల పంపు వాడినా 1 బార్ లోపే, అదీ పంపు దగ్గరున్న ప్రెషర్ మీటర్లో కాదు, గోడలోకి దిగే ముక్కు దగ్గరున్న మీటర్లో.

గొట్టాలు 40 సెంటీమీటర్లకొకటి చొప్పున మెట్లలా పక్కకి జరుపుతూ. ముందురోజు నీళ్లు పోసి దుమ్ము కడగాలి, పొడి పూరింపు గ్రౌట్‌లోని నీళ్లు పీల్చేసి దారిలోనే గడ్డకట్టిస్తుంది. కింది వరుస నుంచి మొదలు, పై గొట్టంలోంచి చిక్కగా కారేదాకా పోసి, కిందిది బిరడా కొట్టి, పైదానికి వెళ్లండి. ఏ గొట్టం ఎన్ని లీటర్లు తాగిందో గోడ బొమ్మ మీద రాయండి. అది రాయని కాంట్రాక్టర్‌కి బిల్లు ఇవ్వకండి. మీ పూరింపు 30 సెంటీమీటర్లు, పదో వంతు ఖాళీ అనుకుంటే చదరపు మీటరుకి 30 లీటర్లు పట్టాలి.

తడి మట్టి వచ్చిన చోట గ్రౌట్ వద్దు. మట్టి సందుల్లోకి అది దూరదు, నీళ్లు మాత్రం దూరి ఇంకా మెత్తబరుస్తాయి. అక్కడ కడ్డీలూ సందుల పనీ చాలు.

గ్రౌట్ మరీ గట్టిది కావాలని పట్టుబట్టకండి. దాని పని పొరల్ని అతికించడం, మోయడం కాదు.

తీగ_మీటేవాడు:

గోడ గురించి అన్నీ చెప్పారు, గోడని కప్పుకీ ఎదుటి గోడకీ కట్టే సంగతి ఎవరూ ఎత్తలేదేం? మూల పగులు పైన వెడల్పు, కింద సన్నం అన్నారుగా, అంటే బయటి గోడ పైన వాలుతోంది. పాత ఇనుప టై రాడ్లు ఏమైనా ఉన్నాయా చూడండి, బయట గోడ మీద సిలువ ఆకారంలోనో గుండ్రంగానో ఇనుప బిళ్లలు ఉంటే అవే.

ఉంటే అది ఎంత బిగువుగా ఉందో కొలవడం తేలిక. కడ్డీ మధ్యలో ఫోన్ కట్టి, కంపనాలు చూపించే యాప్ పెట్టి, చేత్తో ఒక్కసారి కొట్టండి. వీణ తీగ లెక్కే. 25 మిల్లీమీటర్ల కడ్డీ 6 మీటర్లుంటే, మీటరు బరువు 3.85 కిలోలు, సెకనుకి 8 సార్లు ఊగితే బిగువు 35 కిలోన్యూటన్లు, అంటే మూడున్నర టన్నులు. చివర్లు గోడలో బిగుసుకుని ఉంటాయి కాబట్టి అసలు బిగువు కొంచెం తక్కువే ఉంటుంది, ఫోన్ బరువు కూడా కాస్త తేడా తెస్తుంది, కానీ వదులైందో లేదో తెలియడానికి ఇది చాలు. నేను చూసిన ఒకచోట నాలుగు కడ్డీల్లో ఒకటి ఉయ్యాలలా ఊగింది, బిళ్ల వెనక రాయి పొడైపోయింది, కడ్డీ కొత్తదిలా మెరుస్తోంది.

కొత్త_సైటింజినీరు:

రెండు రాడ్లున్నాయండీ, పూత కింద దాక్కున్నాయి! ఒకటి సెకనుకి 7.5 సార్లు ఊగింది, రెండోది 3 చిల్లర. రెండో దాని బిళ్ల వెనక మీరన్నట్టే రాయి నలిగింది. పెద్ద బిళ్ల పెట్టి మళ్లీ బిగించబోతున్నాం.

కొత్త_సైటింజినీరు:

నాలుగు నెలల తర్వాత అప్‌డేట్, కొంచెం అర్జెంట్. సందులు, కడ్డీలు అయిపోయాయి. తడి మాత్రం ఎక్కడిదో పట్టుకోలేకపోయాం. కింద నేల వాలు సరిచేశాక తగ్గినట్టు అనిపించి నిన్న గ్రౌటింగ్ మొదలుపెట్టేశాం. మొదటి వరుస గొట్టాలు 9, 12, 10 లీటర్లు తాగాయి. రెండో వరుసలో ఐదోది మాత్రం 140 లీటర్లు తాగింది, పై గొట్టంలో ఒక్క చుక్క రాలేదు. మొహం మీద కారలేదు, లోపల పూత మీదా తడి లేదు. మేస్త్రి ఇంకో 50 పోస్తే నిండుతుందంటున్నాడు. ఆపించా.

గోడల_డాక్టర్:

ఆపి మంచి పని చేశారు. 140 లీటర్లు ఖాళీలోకి పోలేదు, దారిలోకి పోయింది. గోడలో పాత గొట్టమో, మూసేసిన గూడో, నేల కింద కాలవో ఉండాలి. పక్క రంధ్రంలో కెమెరా ఇప్పుడే దూర్చండి, గట్టిపడ్డాక చూసి లాభం లేదు. బయట చుట్టుపక్కల ఎక్కడైనా తెల్లనీళ్లు వస్తున్నాయేమో ఒక మనిషిని తిప్పండి.

కొత్త_సైటింజినీరు:

దొరికింది. ముప్పై అడుగుల అవతల మురుగు కాలవలో తెల్లగా కారుతోంది. కెమెరాలో గుండ్రటి మట్టి గొట్టం కనిపించింది, గోడ మందంలోనే నిలువుగా పైదాకా ఉంది, సరిగ్గా పొట్ట ఎత్తులో దాని అతుకు విరిగి ఉంది. పాత వాననీటి గొట్టం, డ్రాయింగుల్లో ఎక్కడా లేదు.

సున్నం_మేస్త్రి:

బిగుసుకోకముందే ఆ గొట్టంలో నీళ్లు పోసి కడిగెయ్యి, కానీ విరిగిన అతుకు కింద నుంచి పొయ్యి, లేకపోతే ఆ నీళ్లు మళ్లీ పూరింపులోకే పోతాయి. పొయ్యబోయే ముందు పైకప్పు మీద దాని నోరు ఎక్కడుందో వెతికించు, అది ఇంకా తెరిచే ఉందేమో.

కొత్త_సైటింజినీరు:

తెరిచే ఉంది. పిట్టగోడ మూలలో ఆకుల కింద పిడికిలంత కన్నం. ఇప్పుడే కుర్రాడు చెయ్యి పెట్టి ఆకులు తీస్తే లోపలికి నీళ్లు బుడబుడా దిగిన చప్పుడు కింద నాకే వినిపించింది.